బోర్డు మీద పేరు చూసి థెరపీ ఎంచుకోకండి: ఆటిజం పిల్లలున్న గోదావరి జిల్లాల ఇళ్ళ కోసం ఒక పోలిక

వారానికి కనీసం రెండు ఫోన్లు ఇలాంటివే వస్తాయండి నాకు. "మేడం, అమలాపురంలో ఒకళ్ళు ఓటీ చేయించమంటున్నారు, కాకినాడలో డాక్టరుగారేమో స్పీచ్ అన్నారు, మా తోడికోడలు వాళ్ళన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు, ఏబీఏ తప్ప ఏదీ పనిచేయదు అంటున్నాడు, ఏది చేయించమంటారు?" ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ, చేతి పనులు, రోజువారీ పనులు నేర్పేది. ఏబీఏ అంటే ప్రవర్తన ఎందుకొస్తోందో చూసి మెట్లు మెట్లుగా నేర్పే పద్ధతి. పిల్లోడికి మూడేళ్ళు దాటుంటాయి. అప్పటికే వస పోసేసుంటారు, నాలిక కింద తీగ కోయించేసుంటారు, మేనమామ కూడా ఐదేళ్ళకి గాని మాట్లాడలేదు అన్న మాట పట్టుకుని ఒక ఏడాది కూర్చునుంటారు. ఇప్పుడేమో రేపటికల్లా సెంటర్ తేల్చేయాలని కంగారు.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌నండి, పన్నెండేళ్ళుగా కోనసీమలోనే పని. ముందే ఒక నిజం ఒప్పేసుకుంటా. డిప్లొమా అయ్యి ఉద్యోగంలో చేరేనాటికి ఆటిజం గురించి నాకు తెలిసింది పుస్తకంలో ఒక్క చాప్టరు, మిగతాదంతా పిల్లల దగ్గర, వాళ్ళ అమ్మల దగ్గర, సెలవు పెట్టుకుని వెళ్ళిన వర్క్‌షాపుల్లో నేర్చుకున్నదే. మా ఫీల్డులో చాలామంది సంగతి ఇంతే, ఒక పద్ధతి చేతికి బాగా అలవాటై ఉంటుంది, మిగతావి పేర్లు విన్నవే. అందుకే ఎవరి దగ్గరకెళ్తే వాళ్ళకొచ్చిందే మీ పిల్లోడికి కావాలంటారు. మోసం అనను, తెలిసిందే చెప్తారు ఎవరైనా. అందుకని ఇక్కడ థెరపీలని ఎలా పోల్చాలో రాస్తూ, చేసే మనిషిని ఎలా చూసుకోవాలో కూడా కలిపి రాస్తున్నా.

## పోల్చేముందు తేల్చుకోవాల్సినవి

ఈ ఆరు నెలల్లో ఏం మారాలి? "నార్మల్ అవ్వాలి" అంటే మేమేం చేయలేమండి. "దాహం వేస్తే తల గోడకి కొట్టుకోకుండా గ్లాసు తెచ్చి ఇవ్వాలి", "రాత్రి పదింటికి పడుకోవాలి", "క్లాసులో ఇరవై నిమిషాలు కూర్చోవాలి" ఇలా చెప్పండి. ఏ థెరపీ అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరికేస్తుంది. ఇసా అని 40 ప్రశ్నల స్కేలు ఒకటుంది, వైకల్యం సర్టిఫికెట్ కోసం మన దేశంలో అదే వాడతారు, 70, ఆ పైన వస్తే ఆటిజం కింద లెక్క. ఆ స్కోరు తీవ్రత చెప్తుందే గాని ఏ థెరపీ చేయించాలో చెప్పదు, కాగితం చూసి బెంబేలెత్తిపోకండి.

నీళ్ళు. దీన్ని రెండో పాయింటుగా ఏ సిటీ సెంటర్ ఫారంలోనూ చూడలేదు నేను. మనకి ఇంటి వెనక బోదె, ముందు పంట కాలువ, పక్కన చేపల చెరువు, లంకల్లో అయితే గోదారే గుమ్మం. ఆటిజం పిల్లల్లో చాలామందికి చెప్పకుండా బయటికి వెళ్ళిపోయే అలవాటు ఉంటుంది, నీళ్ళంటే విపరీతమైన ఇష్టం ఉంటుంది, భయం తెలీదు. మీ వాడు అలాంటోడైతే మాటలు, అక్షరాలు తర్వాత, ముందు గేటుకి పైగడియ, "ఆగు" అంటే ఆగడం, వీలైతే ఈత. ఈత వచ్చినా పెద్దోళ్ళ కన్ను వాడి మీదే ఉండాలి. దీని గురించి మొదటి రోజే అడిగిన థెరపిస్టు దొరికితే వదులుకోకండి.

దూరం, టైము. లెక్క చూడండి. వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి ముప్పావుగంట, మొత్తం గంటన్నర. పిల్లోడు రోజుకి 12 గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 84 గంటలు. మిగిలిన 82 గంటల పైచిలుకు మీ ఇంట్లోనే, మీ చేతుల్లోనే. రాజోలు అవతల నుంచి రెండు బస్సులు మారి పిల్లోడు ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక జరిగే ముప్పావుగంట ఎంతకి పనికొస్తుందో మీరే ఆలోచించండి.

భాష. ఇంట్లో "బువ్వ తిందాం రా నాన్నా" అని, సెంటర్లో "వాట్ ఈజ్ దిస్, సే యాపిల్" అని. యాపిల్ అని చెప్పడం వచ్చేస్తుంది, కొబ్బరి బొండం కావాలని అడగడం మాత్రం రాదు. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకి చెడు జరుగుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు, కాబట్టి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అన్న సలహా వింటే ఇంకో సెంటర్ చూసుకోండి.

చేసే మనిషి. స్పీచ్, స్పెషల్ ఎడ్యుకేషన్, క్లినికల్ సైకాలజీ వాళ్ళకి ఆర్‌సీఐ (ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) నంబరు ఉండాలి, వెబ్‌సైటులో పేరు వెతుక్కోవచ్చు. ఓటీ వాళ్ళు ఆ లిస్టులో కనపడరు, వాళ్ళని బీఓటీ డిగ్రీ అడగండి. ఏబీఏ వాళ్ళు బీసీబీఏ అని చెప్తే అది అమెరికా బోర్డు సర్టిఫికెట్, 2023 నుంచి మన దేశం వాళ్ళకి కొత్తగా ఇవ్వట్లేదు కాబట్టి అంతకుముందుదా అని అడగాలి. ఆర్‌బీటీ అంటే ఏబీఏలో కింది స్థాయి మనిషి, 40 గంటల ట్రైనింగ్, పైన ఒకళ్ళు చూసుకుంటుంటేనే వాళ్ళు పని చేయాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నేను మాత్రం మూడు ప్రశ్నలు అడగమంటాను: ఇది మా వాడికి ఎందుకు చేస్తున్నారు, పని చేస్తోందని ఎలా తెలుస్తుంది, చేయకపోతే ఎన్ని వారాల్లో మారుస్తారు? "ఓపిక పట్టాలమ్మా" తప్ప ఇంకో మాట రాకపోతే ఆ మనిషికి తెలిసింది అంతే అని అర్థం. "ఇది నాకు రాదండి, ఫలానా వాళ్ళకి వచ్చు" అన్నారా, ఆయ్, వాళ్ళ దగ్గరే ఉండండి.

## ఒక్కొక్కటీ చూద్దాం

ఏబీఏ. అందరికన్నా పెద్ద పేరు దీనిదే, పెద్ద గొడవా దీని చుట్టూనే. 1987లో లోవాస్ అనే ఆయన అమెరికాలో 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటలు చేయించి 9 మంది మామూలు పిల్లల్లా స్కూలుకి వెళ్ళారని రాశాడు. సెంటర్ల వాళ్ళు "సగం మంది నార్మల్ అయిపోతారు" అనే మాట అక్కడిదే. ఆ పిల్లల్ని లాటరీ తీసినట్టు గ్రూపులుగా విడదీయలేదన్నది, అప్పట్లో దండనలు కూడా వాడారన్నది ఎవరూ చెప్పరు. 2018లో వైద్య అధ్యయనాల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు ఇలాంటి అధ్యయనాలు అయిదు పట్టుకుని లెక్క తీస్తే ఉపయోగం ఉండొచ్చు గాని ఆధారం బలహీనం అని తేల్చారు. 2024లో 144 అధ్యయనాలు కలిపి చూస్తే గంటలు పెంచినంత మాత్రాన ఫలితం పెరిగినట్టు కనపడలేదు. కాబట్టి "రోజుకి ఆరు గంటలు కట్టకపోతే లాభం లేదు" అంటే పొలం అమ్మేసేముందు ఇంకోసారి ఆలోచించండి.

పద్ధతిలో మంచి లేదా అంటే ఉంది. పిల్లోడు కొరికాడంటే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దొరికింది అని రాసుకుని చూడటం, పెద్ద పనిని చిన్న చిన్న మెట్లు చేయడం, ఇవి నేను రోజూ వాడతా. బ్రష్ చేసుకోవడం, బాత్రూం అలవాటు, కొట్టుకోవడం తగ్గించడం, వీటికి మంచిదే. చెడ్డ ఏబీఏ ఎలా ఉంటుందంటే కుర్చీలో కూర్చోబెట్టేసి, చిప్స్ ముక్క చూపించి "కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పడం, చేతులు ఊపితే పట్టేసుకోవడం. చిన్నప్పుడు అలా చేయించుకున్న ఆటిజం మనుషులు పెద్దయ్యాక అది తమని ఎంత బాధపెట్టిందో చెప్తున్నారు, వినాలి కదండీ మరి. చేతులు ఊపితే ఎవరికి నష్టం చెప్పండి?

ఆటలో కలిపి నేర్పేవి. ఏబీఏ సూత్రాలనే ఆటలో, స్నానంలో, తిండి దగ్గర కలిపి వాడటం. ఒకటి రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి డెన్వర్ మోడల్ అని ఒకటి ఉంది, సాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ అనే ఇద్దరు తయారు చేసింది. 2020లో వచ్చిన పెద్ద సమీక్షలో చిన్నపిల్లలకి ఈ రకం వాటికే ఆధారాలు కాస్త మెరుగ్గా కనపడ్డాయి. మన వైపు దీంట్లో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని వెతుక్కుంటూ కూర్చోకండి, నేల మీద కూర్చుని పిల్లోడు ఏది ముట్టుకుంటే దాంతోనే ఆట మొదలెట్టే థెరపిస్టు కనపడితే చాలు.

తల్లిదండ్రులకి నేర్పించడం. నా మొగ్గు ఇటేనండి, దాచను. బ్రిటన్‌లో పాక్ట్ అనే పద్ధతి ఉంది. అమ్మ పిల్లోడితో ఆడుకుంటుంటే ఓ పది నిమిషాలు వీడియో తీస్తారు, తర్వాత థెరపిస్టు, అమ్మ కలిసి కూర్చుని చూస్తారు. "ఇదిగో ఇక్కడ వాడు మీ వైపు చూశాడు, మీరు గమనించలేదు", "ఇక్కడ మీరు ఆగారు, వాడు అడిగాడు చూడండి." దాన్నే మన దేశాలకి తగ్గట్టు మార్చి పాస్ అని పేరు పెట్టి గోవాలోనూ పాకిస్తాన్‌లో రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేశారు, ఫలితం 2016లో అచ్చయింది. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే చేసినవాళ్ళు స్పెషలిస్టులు కారు, ట్రైనింగ్ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలల్లో 12 సెషన్లు. పిల్లలు తమంతట తాము అమ్మానాన్నల్ని పలకరించడం పెరిగింది. అంటే మన ఊళ్ళో ఆశా కార్యకర్త స్థాయి మనిషికి కూడా సరిగ్గా నేర్పితే, పైన చూసుకునేవాళ్ళు ఉంటే ఈ పని అవ్వొచ్చు.

ఇందులో ఇబ్బంది కూడా ఉంది. భారమంతా అమ్మ మీద పడుతుంది. పొద్దున్నే క్యారేజీలు, అత్తగారి మందులు, మధ్యలో ఇంకో పిల్ల, ఇప్పుడు థెరపీ కూడా నువ్వే చెయ్యి అంటే ఎక్కడ చేస్తది? పైగా పిల్లోడు ముందుకెళ్ళకపోతే "నువ్వు సరిగా చేయట్లేదు" అన్న మాట. కాబట్టి నేర్చుకోవడానికి నాన్న కూడా రావాల్సిందే. రాలేకపోతే వీడియో తీసే పనైనా ఆయనదే.

స్పీచ్ థెరపీ. మాటలు రాకపోతే అందరం ముందు పరిగెత్తేది ఇక్కడికే, తప్పు లేదు. చెవి టెస్ట్ చేయించకుండా మాత్రం మొదలెట్టకండి. క్యాండిల్ ఊదించడం, నాలిక మసాజ్, బుగ్గలు నొక్కడం వీటితోనే నెలలు గడిపేస్తుంటే అడగండి, ఎందుకంటే ఆ ఎక్సర్‌సైజులతో మాటలొస్తాయని గట్టి ఆధారం లేదు. ఆటిజంలో చిక్కు నాలికలో కాదండి, ఎదుటి మనిషితో చెప్పాలి అనిపించడంలో, ఎలా చెప్పాలో తెలియడంలో. బొమ్మల కార్డులు ఇచ్చి అడగడం నేర్పే పెక్స్ అనే పద్ధతి 1985 నుంచి ఉంది. "కార్డులు అలవాటైతే ఇంక మాట్లాడడేమో" అని చాలామంది అమ్మలు భయపడతారు. కార్డులు గాని, ట్యాబు గాని వాడితే మాటలు ఆగిపోవు, కొంతమందిలో పెరుగుతాయి కూడా. నా దగ్గర ఒక బాబు మొదట ఇచ్చిన కార్డు పూతరేకు బొమ్మ, ఏం చేస్తాం, వాళ్ళది ఆత్రేయపురం.

ఓటీ, సెన్సరీ. ఉయ్యాల, బాల్ పూల్, రంగురంగుల గది, ఫొటోలకి బాగుంటుంది కాబట్టి కొత్త సెంటర్లు ముందు ఇదే పెడతాయి. సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే ఆలోచన జీన్ ఎయర్స్ అనే ఓటీది, 1970ల నాటిది. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకునేవాడు, చొక్కా లేబుల్ ఓర్చుకోలేనివాడు, పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టనివాడు, ఇలాంటి పిల్లల్ని అర్థం చేసుకోవడానికి ఓటీ చాలా సాయం చేస్తారు. కానీ 2022లో బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో ఈ సెన్సరీ థెరపీకి మామూలు సేవల కన్నా ఎక్కువ లాభం తేలలేదు. ఓటీ అనవసరం అని కాదండి. బొత్తాలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, బాత్రూం, పెన్సిల్, ఇవి నేర్పే ఓటీ బంగారం. ఉయ్యాల ఊపి పంపించేసే ఓటీ అయితే మీ పెరట్లో మామిడి కొమ్మకే కట్టుకోండి.

స్పెషల్ ఎడ్యుకేషన్. నా పనే కాబట్టి పొగడను. బొమ్మలతో రోజు షెడ్యూల్ పెట్టడం, పని ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కంటికి కనపడేలా సర్దడం, ఇదంతా టీచ్ అనే పద్ధతి, 1972లో నార్త్ కరోలినాలో మొదలైంది. స్కూలు వయసు పిల్లలకి బాగా కుదురుతుంది, ఖర్చు అట్టముక్కలు, ఫెవికాల్.

| థెరపీ | ఎవరికి ముందు | జాగ్రత్త | ఇంట్లో మీ పని |
|---|---|---|---|
| ఏబీఏ | కొట్టుకోవడం, పారిపోవడం, రోజువారీ పనులు | 40 గంటల ప్యాకేజీలు, బలవంతపు చూపులు | మధ్యస్తం |
| ఆటలో కలిపి నేర్పేవి | నాలుగేళ్ళ లోపు | నేర్చుకున్నవాళ్ళు దొరకడం కష్టం | ఎక్కువ |
| తల్లిదండ్రుల ట్రైనింగ్ | చిన్నపిల్లలు, సెంటర్ దూరమైనవాళ్ళు | అమ్మ ఒక్కదాని మీదే భారం | చాలా ఎక్కువ |
| స్పీచ్, కార్డులు | అడగడం రానివాళ్ళు ఏ వయసైనా | నోటి ఎక్సర్‌సైజులతో కాలక్షేపం | ఎక్కువ |
| ఓటీ | తిండి, బట్టలు, శబ్దాలు, చేతి పని | ఉయ్యాలతోనే సరిపెట్టడం | మధ్యస్తం |
| స్పెషల్ ఎడ్యుకేషన్ | స్కూలు వయసు | అక్షరాలే చదువు అనుకోవడం | తక్కువ నుంచి మధ్యస్తం |

## ఎక్కడ చేయించాలి

ప్రభుత్వం వైపు రెండు తలుపులు ఉన్నాయి. ఒకటి డీఈఐసీ, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో పెట్టే కేంద్రం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా చూస్తారు, ఉచితం. రెండోది మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ చదువు పథకం కింద నడుస్తుంది. ఇక్కడ పిల్లలు ఎక్కువ, మనుషులు తక్కువ, ఒక్కోసారి నెలకి రెండు మూడుసార్లు మించి కుదరదు. కానీ నేర్చుకుని ఇంట్లో చేసుకునేవాళ్ళకి నెలకి రెండుసార్లు అన్నా ఎంతో కొంత నడుస్తుంది. ప్రైవేటు సెంటర్లో రోజూ దొరుకుతుంది, కానీ లోపలికి రానివ్వకపోతే, తలుపేసేసి "పేరెంట్స్ ఉంటే డిస్టర్బ్ అవుతాడు" అని ఎప్పుడూ అదే అంటే నాకు నచ్చదు. అద్దంలోంచైనా, వీడియోలోనైనా మీరు చూడాలి.

హైదరాబాద్ మకాం మార్చడం గురించి చాలామంది అడుగుతారు. పూర్తి అసెస్‌మెంట్‌కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకి ఒకసారి వెళ్ళి రండి, మంచిదే, ఆ ఇసా స్కేలు తయారైంది కూడా అక్కడే. కానీ నాన్న ఇక్కడ, అమ్మా పిల్లోడు అక్కడ ఒక గదిలో, తాతయ్య లేడు, పెరడు లేదు, ఇలా రెండేళ్ళు ఉండి వచ్చినవాళ్ళలో మాటలు పెరిగినవాళ్ళూ ఉన్నారు, అప్పులు మాత్రమే పెరిగినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తల్లిదండ్రుల ట్రైనింగ్ దొరుకుతోంది కదా, ముందు అది చూడండి. సదరం సర్టిఫికెట్ వచ్చాక నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి, ఏడాదికి లక్ష దాకా కవరేజీ, అందులో థెరపీలకీ కొంత వస్తుంది.

## పన్నెండు దాటిన పిల్లలు

వీళ్ళ గురించి మా ఫీల్డులో తెలిసింది చాలా తక్కువ, సిగ్గుపడే చెప్తున్నా. చిన్నపిల్లల కార్డులే మీసాలొచ్చిన కుర్రోడికి కూడా చూపిస్తుంటాం. ఈ వయసుకి ముఖ్యమైనవి వేరు: ఒళ్ళు మారడం గురించి చెప్పడం, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో నేర్పడం, ఆడపిల్లకి నెలసరి ముందే బొమ్మలతో చూపించడం, డబ్బులు, బస్సు, ఒక పని. మాట్లాడగలిగి భయాలు ఎక్కువున్నవాళ్ళకి ఆటిజానికి తగ్గట్టు మార్చిన సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) పనికొస్తుంది, దానికి క్లినికల్ సైకాలజిస్టు కావాలి. స్నేహాలు కావాలనుకునేవాళ్ళకి పీర్స్ లాంటి గ్రూపు ట్రైనింగులున్నాయి, మన దగ్గర గ్రూపు దొరకడమే కష్టం. పని అంటే కంప్యూటరే కానక్కర్లేదండి. కొబ్బరి పీచు తీయడం, నర్సరీలో కవర్లకి మట్టి నింపడం, కడియం అంతా నర్సరీలే కదా, ఒకే పని ఒకే పద్ధతిలో చేయడం ఇష్టపడేవాడికి అవి చక్కగా సరిపోతాయి.

రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందులు విపరీతమైన కోపం, తనని తాను కొట్టుకోవడం తగ్గించడానికే, మాటలు తెప్పించడానికి కాదు. డాక్టరు రాస్తే వాడండి, ఎప్పటిదాకా వాడాలో, బరువు ఎంత పెరుగుతుందో అడగండి.

## వీటి జోలికి వద్దు

స్టెమ్ సెల్ వైద్యం అని లక్షలు అడుగుతారు. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన వైద్యం కాదు. ఒంట్లో లోహాలు తీసేస్తామంటూ ఇచ్చే కీలేషన్ మందు వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ళ బాబు చనిపోయాడు. ఆక్సిజన్ చాంబర్, గోధుమలూ పాలూ మాన్పించే డైట్, వీటితో ఆటిజం తగ్గుతుందన్న ఆధారం లేదు, అసలే పెరుగన్నం తప్ప తినని పిల్లోడికి పెరుగు కూడా మాన్పిస్తే ఏం మిగులుతుంది? టీకాల వల్ల వచ్చిందని 1998లో వచ్చిన పేపర్ 2010లో వెనక్కి తీసేశారు, చిన్నదానికి టీకాలు ఆపకండి.

## మీ ఇల్లు ఎలాంటిది?

మూడేళ్ళ లోపు పిల్లోడు, సెంటర్ దూరం: నెలకి రెండుసార్లు ఎవరైనా మంచి మనిషి దగ్గర తల్లిదండ్రుల ట్రైనింగ్, దాంతో పాటు అడగడానికి కార్డులు. అయిదేళ్ళోడు, ఊళ్ళోనే సెంటర్ ఉంది, ఇద్దరూ ఉద్యోగాలు: ఒకరోజు స్పీచ్, ఇంకోరోజు ఓటీ, రెంటి వాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాలి, లేకపోతే ఇద్దరు దర్జీలు కలిసి ఒక చొక్కా కుట్టినట్టుంటుంది. స్కూల్లో కూర్చోలేకపోతున్నాడు: స్పెషల్ ఎడ్యుకేటర్, టీచరుగారితో ఒక గంట. పారిపోతున్నాడు, కొరుకుతున్నాడు: ప్రవర్తన ఎందుకో రాసి చూసే ఏబీఏ మనిషి, గేటుకి గడియ.

ఇంక మన కోనసీమలో చాలా ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లో ఉంటుంది, పిల్లోడు అమ్మమ్మ దగ్గర. ఈ ఇళ్ళకి ఏ గైడులోనూ ఆప్షన్ ఉండదు. ట్రైనింగ్ అమ్మమ్మకే ఇవ్వమని అడగండి, చదువు రాదు అని తప్పించుకుంటే ఒప్పుకోకండి, చూసి నేర్చుకునే పద్ధతికి చదువెందుకు. ముమ్మిడివరం దగ్గర ఒక అమ్మమ్మ సెషన్‌లో నేను చేసేది చూసి, ఇంటికెళ్ళి మనవడు బొండం వైపు చూసేదాకా కత్తి ఎత్తకుండా కూర్చునేది. రాత్రి ఆ వీడియో కువైట్ వెళ్ళేది. నాలుగో నెలలో ఒకరోజు ఆవిడ కత్తి తీసుకురావడం మర్చిపోతే వాడే తెచ్చి చేతిలో పెట్టాడు. ఇప్పుడు మేం కత్తి ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నాం.